తగ్గిన బరువు నాది, తగ్గని ఆయాసం ఎవరిది?



మన పత్రికకు పొట్ట తగ్గడం గురించి రాస్తానంటే కమిటీలో ఇద్దరు నవ్వారు. "బోనస్ తేలలే, బద్లీల పర్మనెంట్ తేలలే, నీ పొట్ట ముచ్చట ఎవలకు కావాలె?" అన్నాడు ఒక పెద్దమనిషి. ఆయన పొట్ట నా పాత పొట్టకు అన్నలాంటిది. అయినా రాస్తున్నాను. పద్నాలుగు నెలల్లో 12 కిలోలు తగ్గాను. ఆ పనిలో పడి నా గురించి నాకే తెలియని సంగతులు కొన్ని తెలిశాయి. మిల్లు గురించి తెలిసినవి ఇంకా ఎక్కువ. రెండింటినీ విడదీసి చెప్పడం నా వల్ల కాదు.

మాది కోఠారి. చంద్రపూర్ జిల్లా, బల్లార్‌పూర్ తాలూకా, గోండ్‌పిప్రి పోయే రోడ్డు మీద ఊరు. ఈ వైపు మరాఠీ, గోండీ, తెలుగు కలగలిసి వినిపిస్తాయి. మహారాష్ట్రలో తెలుగేమిటని అడిగేవాళ్లు ఉంటారు గనక ఒక మాట: వార్ధా నది అవతలి రాజురా 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో, ఆదిలాబాదు జిల్లాలోనే ఉండేది. సరే, అది వేరే కథ. నేను ఒక నూలు మిల్లులో కార్డింగ్ ఖాతాలో 22 ఏళ్లుగా పని చేస్తున్నాను. మిల్లు పేరు ఇక్కడ అక్కర్లేదు. మీరు చదివేటప్పుడు మీ మిల్లు పేరు పెట్టుకున్నా పెద్ద తేడా రాదు.

నేను చేరిన కొత్తలో కార్డింగ్ అంటే మోత పని. బ్లో రూమ్ నుంచి వచ్చిన ల్యాప్‌ను ఎత్తి మిషన్ మీద పెట్టాలి. ఒక్కొక్కటి పదిహేను, ఇరవై కిలోలు తూగేది. నిండిన క్యాన్లను నెట్టుకుపోవాలి, ఖాళీవి తెచ్చి పెట్టాలి. పాళి అయ్యేసరికి నడుము పట్టేది. అప్పట్లో నేను 61 కిలోలు. ఏడేళ్ల కింద కొత్త మిషన్లు వచ్చాయి. దూది గొట్టంలోంచి తానే వచ్చి పడుతుంది, ఎత్తే పని లేదు. నాకు ఒక స్టూలు ఇచ్చారు. ఎర్ర లైటు వెలిగితే లేవాలి, లేకపోతే కూర్చోవాలి. పాత మోత మళ్లీ కావాలని నేను అనడం లేదు. ఆ మోతతో నడుము విరిగినవాళ్లు మన యూనియన్‌లోనే ఉన్నారు. అయితే మిషన్ వచ్చినప్పుడు ఉత్పత్తి ఎంత పెరుగుతుందో, ఎంతమంది మిగులుతారో యాజమాన్యం లెక్క వేసుకుంది. స్టూలు మీద కూర్చున్నవాడి ఒళ్లు ఏమవుతుందో ఎవరూ లెక్క వేయలేదు. మనమూ వేయలేదు. కొత్త మిషన్ల మీద మనం ఇచ్చిన డిమాండ్ల కాగితంలో ఆ ముక్కే లేదు.

ఆరేళ్లు తిరిగేసరికి 84 కిలోలు అయ్యాను. నా ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు. ఊళ్లో ఆరోగ్య శిబిరం పెడితే వెళ్లాను. షుగర్ గీత మీద ఉంది, ఇంకో అడుగు వేస్తే లోపలికే అన్నారు. ఆయాసం సంగతి చెప్పాను. "ముందు బరువు తగ్గు, ఆయాసం అదే పోతుంది" అన్నారు. మిల్లు డిస్పెన్సరీలో కూడా మూడేళ్లుగా ఇదే మాట. ఒక అధికారి అయితే "జీతం బాగానే ఒంటబడుతోంది" అని నలుగురిలో నవ్వాడు. సిగ్గుతో తల దించుకున్నాను. ఈ తల దించుకోవడాన్ని గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇంటికి వచ్చి, నేనేమీ ఎక్కువ తినడం లేదు, చేరినప్పుడు ఎంత తిన్నానో ఇప్పుడూ అంతే అని మొత్తుకున్నాను. మా ఇంటావిడ పొయ్యి దగ్గర నుంచి తల తిప్పకుండానే అంది: "తినుడు తగ్గలే, నడుసుడు తగ్గింది." ఇదే మాటను 1956లో జీన్ మేయర్ అనే పరిశోధకుడు ఇద్దరు భారతీయ సహచరులతో కలిసి నిరూపించాడని తరువాత శిబిరంలోని డాక్టరమ్మ చెప్పింది. ఆయన చూసినది ఎవరినో కాదు, మనలాంటి మిల్లువాళ్లనే. బెంగాల్‌లో చెంగైల్ జూట్ మిల్లు, 213 మంది. బస్తాలు మోసేవాళ్ల నుంచి గుమాస్తాల దాకా, దుకాణం దగ్గర కూర్చునేవాళ్ల దాకా అందరి తిండినీ, బరువునూ కొలిచారు. కష్టం చేసేవాళ్లు కష్టానికి తగినంత తింటున్నారు, వాళ్ల బరువు అదుపులోనే ఉంది. కూర్చుని పని చేసేవాళ్లు మాత్రం తిండి తగ్గించలేదు, మోసేవాళ్లకు సమానంగా తింటున్నారు. బరువూ వాళ్లదే ఎక్కువ. ఒంటికి పని తగ్గినంత మాత్రాన ఆకలి దానంతటదే తగ్గదు. నా గిన్నెలో ఏడేళ్లుగా పడుతున్నది ల్యాప్ మోసేవాడి కూడు. తింటున్నది స్టూలు మీదివాడు.

లండన్ సంగతి కూడా ఆమే చెప్పింది. 1953లో మోరిస్ అనే డాక్టరు అక్కడి బస్సు కార్మికులను చూశాడు. రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే, రెండంతస్తుల బస్సులో మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండె జబ్బు తక్కువ. ఒకే బస్సు, ఒకే కంపెనీ.

ఇక నా సంగతి. మొదట తెలిసింది చాయ్ లెక్క. పాళికి నాలుగు, ఇంట్లో రెండు, మొత్తం ఆరు. చాయ్‌కి రెండు చెంచాలు. పన్నెండు చెంచాలంటే సుమారు 60 గ్రాముల చక్కెర. నెలకు 26 డ్యూటీలు వేసుకోండి, కిలోన్నర దాటింది. ఒక నెల రాసి పెట్టుకుంటే ఇంకొకటి బయటపడింది. నాలుగు చాయ్‌లలో ఒక్కటే అలసట మీద తాగుతున్నాను. మిగతా మూడూ స్టూలు మీద తోచక. అన్నిటికంటే చేదు సంగతి ఏమిటంటే, నేను కష్టజీవినని, చెమట ఓడ్చేవాడినని సభల్లో మాట్లాడుతూనే ఉన్నాను. ఆ చెమట ఏడేళ్ల కిందిది. కొత్త పిల్లలకు ల్యాప్‌లు మోసిన కథలు చెబుతూ, రెండు మెట్లెక్కితే రొప్పుతున్నాను. ఈ ముక్క ఒప్పుకోవడానికి బరువు తగ్గడం కంటే ఎక్కువ కాలం పట్టింది.

నడక మొదలుపెడదామంటే ఎక్కడ నడవాలి? పట్నం డాక్టర్లు పొద్దున్నే నడవమంటారు. కోఠారి చుట్టూ అడవి, తాడోబా ఉన్న జిల్లా మాది. చీకటితో ఒంటరిగా అడవి రోడ్డు పట్టిన మనిషి తిరిగి వస్తాడన్న భరోసా లేదు, పులికి మన షుగర్‌తో పని లేదు. తెల్లారాక పోదామంటే ఎండ. మే నెలలో చంద్రపూర్‌లో 45 డిగ్రీలు దాటడం మాకు వింత కాదు. చివరికి ఐదుగురం కలిసి, చేతికర్రలు పట్టుకుని, ఇళ్లున్న మేర రోడ్డు మీదా, తరువాత బడి మైదానంలోనూ తిరగడం మొదలుపెట్టాం. రాత్‌పాళి వారం సాయంత్రం నడక. మొదటి నెల ఒక్క కిలో కూడా తగ్గలేదు. రెండో నెల మోకాలు వాచి పది రోజులు ఆగిపోయాను. బజార్లో పొడులు అమ్మేవాళ్లు ఇంటికే వచ్చారు, నెలకు పది కిలోలు గ్యారంటీ అంటూ. వాళ్ల జోలికి పోలేదు. నెలకు కిలో లోపే తగ్గింది, కానీ తగ్గింది మళ్లీ రాలేదు.

వంటింటి సంగతి వేరే చెప్పాలి. నూనె తగ్గించాలంటే ముందు ఎంత వాడుతున్నామో తెలియాలి కదా. నాకు తెలియదు. ఇన్నేళ్ల సంసారంలో నెలకు ఎన్ని కిలోల నూనె వస్తుందో అడగలేదు. నా మొదటి పాళి వారం ఆమె నాలుగింటికి లేస్తుంది. రెండో పాళి వారం నేను అర్ధరాత్రి వచ్చి తినేదాకా మెలకువగా ఉంటుంది. అంటే నేను మారే పాళీలన్నీ ఆమె ఒక్కతే చేస్తోంది, పైగా ఆఖర్న మిగిలింది తింటోంది. నా బరువు తగ్గించే కార్యక్రమం కూడా మొదట ఆమె నెత్తిమీదే పడింది, నాకొక వంట, పిల్లలకొక వంట. నారాయణ్ మేఘాజీ లోఖండే నాయకత్వంలో బొంబాయి మిల్లు కార్మికులు పోరాడి 1890లో ఆదివారం సెలవు సాధించారని మనం ప్రతి సభలో చెబుతాం. ఆ సెలవు మా వంటింటికి ఇంకా రాలేదు. ఇప్పుడు వారం సెలవు రోజు జొన్నరొట్టెలు నేను చేస్తున్నాను. గుండ్రంగా రావు, పిల్లలు నవ్వుతారు, తింటారు.

సన్నగా ఉన్న సోదరులు ఇది తమకు కాదనుకుని పేజీ తిప్పవద్దు. పుణె డాక్టరు యాజ్ఞిక్, లండన్ డాక్టరు యుడ్కిన్ ఇద్దరి ఫోటో 2004లో ఒక వైద్య పత్రికలో వచ్చింది. ఎత్తుకు తగ్గ బరువు లెక్కలో ఇద్దరూ సమానమే, చూడటానికి ఇద్దరూ సన్నమే. కానీ ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మనవాళ్లకు కొవ్వు పొట్టలోపల దాక్కుంటుంది. అందుకే మన దేశంలో డాక్టర్లు నడుము కొలత చూడమంటున్నారు. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు. దర్జీ టేపు చాలు, మిషన్ అక్కర్లేదు.

ఇక ఆయాసం దగ్గరికి వస్తాను. పద్నాలుగు నెలలకు 72 కిలోలకు దిగాను. షుగర్ గీత కిందికి వచ్చింది. సెలవు రోజు సాయంత్రం మైదానం చుట్టూ ఎనిమిది చుట్లు తిరిగినా రొప్పు లేదు. మర్నాడు డ్యూటీకి పోయాను. భోజనం గంట కొట్టేసరికి ఛాతీ బిగిసింది. అదే దగ్గు, అదే ఆయాసం. రెండో రోజు కొంచెం నయం, వారం చివరికి ఇంకా నయం. సెలవు మర్నాడు మళ్లీ మొదలు. నాలుగు వారాలు రాసి పెట్టుకున్నాను, నాలుగు వారాలూ అంతే. డిస్పెన్సరీలో చెబితే "ఇంకో ఐదు కిలోలు తగ్గు" అన్నారు.

అప్పుడు తల దించుకోలేదు. నేను దించగలిగినంత బరువు దించాను. మిగిలింది నాది కాదు.

దీనికి పేరుంది, బిస్సినోసిస్. పత్తి దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు. సెలవు తరువాత మొదటి రోజు ఛాతీ బిగవడమే దీని మొదటి గుర్తు. సెలవు ఎక్కువమందికి ఆదివారం గనక మిల్లుల్లో దీన్ని సోమవారం జ్వరం అనేవారు. బ్లో రూమ్, కార్డింగ్ ఖాతాల్లో దుమ్ము ఎక్కువ గనక అక్కడివాళ్లకే ఎక్కువగా వస్తుంది. మొదట్లో కనిపెట్టి దుమ్ము నుంచి తప్పిస్తే తేరుకుంటారు. ఏళ్ల తరబడి వదిలేస్తే ఒక్క రోజుది వారమంతా అవుతుంది, తరువాత ఊపిరి తిరిగి రాదు. బీడీ దీన్ని ఇంకా పెంచుతుంది. నేనూ పన్నెండేళ్లు తాగి మానేసినవాడినే, ఆ వాటా నాదే. 1948 ఈఎస్ఐ చట్టం జాబితాలో దీన్ని వృత్తి జబ్బుగా చేర్చారు, అంటే పరిహారం అడగదగ్గ జబ్బు. మా ఖాతాలో ఎవరికైనా ఆ పేరుతో ఒక్క కాగితం వచ్చిందా అని అడిగాను. ఎవరికీ రాలేదు. లావుగా ఉన్నవాళ్లకు బరువు అన్నారు, సన్నవాళ్లకు బలహీనం అన్నారు, ముసలివాళ్లకు వయసు అన్నారు.

ఒళ్లు చూసుకోవడం డబ్బున్నవాళ్ల సరదా అనే మన కొందరు నాయకుల మాట నాకు నచ్చనిది ఇందుకే. నా పొట్ట అలాగే ఉండి ఉంటే వాళ్ల సాకు అలాగే ఉండేది. ఇంకోవైపు, జూన్ 21న యోగా చాపలు పరిచి ఫోటోలు తీయించే యాజమాన్యాల మాటా నచ్చదు. ఆ చాప మీద పీల్చేది కూడా ఆ దుమ్మునే. పొద్దున గాలి పీల్చమని చెప్పేవాళ్లు ముందు కార్డింగ్‌లో దుమ్ము లాగే మిషన్ సరిగ్గా నడుస్తోందో లేదో చూడాలి. ముక్కుకు కట్టుకోవడానికి గుడ్డపేలిక ఇచ్చి మాస్కు అంటే సరిపోదు. స్టూలు మీద ఎనిమిది గంటలు ఒక్కడినే కుదేయకుండా రెండేసి గంటలకు పని మార్చవచ్చు, దానికి పైసా ఖర్చు లేదు. క్యాంటీన్‌లో బజ్జీల పక్కన ఉడికించిన శెనగలు పెట్టమని అడిగితే నవ్వారు. అడుగుతూనే ఉందాం.

అన్నిటికంటే ముందు కావలసింది ఊపిరి పరీక్ష. గొట్టంలో గట్టిగా ఊదితే మిషన్ లెక్క చూపిస్తుంది. అది ఏ రోజైనా చేస్తే చాలదు. సెలవు మర్నాడు, పాళి ఎక్కే ముందు ఒకసారి, దిగాక ఒకసారి చేయాలి. ఆ రెండు లెక్కల తేడాలో అసలు సంగతి ఉంటుంది. ఇదే అడుగుతూ దరఖాస్తు రాశాను. ఇప్పటికి మా ఖాతాలో పద్నాలుగు మంది సంతకాలు పెట్టారు. అందులో తొమ్మిది మంది సన్నవాళ్లే. కమిటీలో నవ్విన పెద్దమనిషి మాత్రం ఇంకా పెట్టలేదు. ముందు దర్జీ దగ్గరికి పోయి నడుము కొలిపించుకుని వస్తానన్నాడు.