పల్లె మైదానమునకు వచ్చిన అతిథి

పెరటిచెట్టు మందునకు పనికిరాదని సామెత. కన్నులయెదుట నున్నదానికి విలువ కట్టుట ఎవరికిని సులభము కాదు. పొరుగూరివాడొకడు వెదకుకొనుచు వచ్చి, ఆ చెట్టు ఆకును భక్తితో కోసికొని పోయిననాడు గాని ఇంటివారికి దాని గుణము తోచదు. ఆటల విషయమునను ఇట్లే జరుగుచున్నది.

ఫుట్‌బాల్ ఆట నేడు లోకమంతయు వ్యాపించియున్నది. మహానగరములలోని గొప్ప క్రీడాసంఘముల ఆటలను కోట్లకొలది జనులు టెలివిజన్‌లో చూచుచున్నారు. ఇంటి కూర్చుండియే ఇంత వేడుక లభించుచుండగా, వానలో తడియుచు, రెండు మూడు బస్సులు మారి, పేరైనను ఎరుగని యొక పల్లెసంఘము ఆటను చూచుటకు పోవువారు కొందరు కలరు. ఇంగ్లండు, జర్మనీ మొదలగు దేశములలో వారిని గ్రౌండ్ హాపర్లు అని పిలుతురు. ఒక మైదానమునుండి మరియొక మైదానమునకు గంతులు వేయుచు పోవువారని దాని భావము. ఇంగ్లండులో మొదటి నాలుగు శ్రేణులలో 92 సంఘములు కలవు. ఆ 92 మైదానములను చూచినవారి కొరకు 1978లో ఒక సమాజమే ఏర్పడినది. కాని పెక్కుమంది అంతటితో తృప్తి చెందక, నిచ్చెన దిగినట్లు క్రింది శ్రేణులకు దిగి, పల్లెల వాకిళ్లకు చేరుచుందురు.

ఇది వట్టి పిచ్చి యని నవ్వువారును కలరు. తపాలాబిళ్లలు కూర్చినట్లు మైదానములను లెక్కించుకొనుటలో ఏమి ప్రయోజన మని వారి ప్రశ్న. ఈ ప్రశ్న త్రోసిపుచ్చదగినది కాదు. లెక్క కొరకే పోవువాడు వంద మైదానములను చూచినను ఒక్కదానినైనను ఎరుగడు. కాని అతిథివలె పోవువాని సంగతి వేరు. అతడు పల్లెకును మేలు చేయును, తానును మేలు పొందును.

ఇంగ్లండులోని షెఫీల్డు నగరమునకు పడమటి దెస కొండవాలున శాండీగేట్ అను మైదానము కలదు. అది హాలమ్ సంఘమువారిది. 1804 నుండియు అచ్చట క్రికెట్ ఆడుచుండిరి. 1857లో షెఫీల్డు సంఘము పుట్టినది. నేటికిని నిలిచియున్న ఫుట్‌బాల్ సంఘములలో అదియే మిక్కిలి పురాతనమైనది. మూడేండ్లకు, 1860లో, హాలమ్ పల్లెవారు తామును ఒక సంఘమును స్థాపించుకొనిరి. ఆ యేడే డిసెంబరు 26వ తేదీన ఈ రెండు సంఘములును శాండీగేట్‌లో తలపడినవి. షెఫీల్డువారు 2–0 తో గెలిచిరి. లోకమున ఇప్పటికిని ఫుట్‌బాల్ ఆడుచున్న మైదానములలో ఇదియే అన్నిటికంటె ప్రాచీనమైనదని గిన్నిస్ గ్రంథమువారు గుర్తించిరి. నాటి పల్లెను పెరిగిన నగరము నేడు తనలో కలుపుకొన్నది. కాని మైదానము కదలలేదు, దాని యేటవాలును పోలేదు.

ఆ సంఘము 1867లో యూడన్ కప్పు అను పోటీలో గెలిచి ఒక వెండి పాత్రను బహుమానముగా పొందెను. కాలక్రమమున ఆ పాత్ర చేయి జారిపోయినది. పాత వస్తువుల నమ్ముకొను వర్తకుని యొద్దనుండి 1997లో దానిని మరల కొని తెచ్చుకొనిరి. ధనవంతులు కాని యొక చిన్న సంఘమువారు ఒక పాత పాత్రకొరకు అంత తహతహపడుటకు కారణమేమి? అది వెండి గనుక కాదు, తాతల చెమట గనుక.

ఇట్టి మైదానమునకు పోయిన ప్రేక్షకునికి మహానగరములో దొరకని దొకటి దొరకును. ద్వారముకడ రుసుము తీసికొను పెద్దమనిషియే ఉదయమున గోలుస్తంభములకు వల కట్టియుండవచ్చును. తేనీరు పోయు ఇల్లాలి కుమారుడు మైదానములో ఆడుచుండవచ్చును. ఆటగాండ్రు వారమంతయు ఏదో యొక పని చేసికొని బ్రతుకువారు. కమ్మిని ఆనుకొని నిలుచున్నవానికి బంతిని తన్నిన చప్పుడు, ఆటగాండ్రు ఒకరినొకరు హెచ్చరించుకొను మాటలు, తప్పు చేసినవాని నిట్టూర్పు స్పష్టముగా వినబడును. గొప్ప క్రీడాగారములో ప్రేక్షకుడు కొనుగోలుదారుడు. ఇచ్చట అతడు ఇంటికి వచ్చిన చుట్టము.

చుట్టమునకు హక్కులు ఉన్నట్లే ధర్మములును ఉండును. నార్వే దేశములో, ఉత్తరధ్రువవృత్తమునకు ఆవల, లోఫోటెన్ దీవులలో హెన్నింగ్స్‌వేర్ అను బెస్తపల్లె కలదు. అచ్చటి జనులు సుమారు 500 మంది. వంతెనలు 1983లో ఏర్పడువరకు అచ్చటికి పడవలోనే పోవలసి యుండెను. సముద్రమున పొడుచుకొనివచ్చిన బండలపై ఒక మైదానము, దాని చుట్టును చేపల నెండబెట్టు కొయ్యపందిళ్లు. ఆకాశమునుండి తీసిన చిత్రములవలన ఆ మైదానము జగత్ప్రసిద్ధి గాంచినది. ఆ చిత్రము మనోహరమైనదే. కాని చిత్రము తీసికొని తిరిగిపోవువాడు గోడలను చూచెను గాని ఇంటివారిని పలుకరింపలేదు. పందిళ్లపై చేపలు ఎండుట ఆ యూరి బ్రతుకు. పందిళ్ల నడుమ పిల్లలు బంతి ఆడుట ఆ బ్రతుకులోని సంతోషము. ఈ రెండింటిని కలిపి చూచినవాడే ఆ మైదానమును చూచినవాడు.

ఒక్క బాటసారి వచ్చిపోయినంత మాత్రమున పల్లెసంఘము నిలుచునా యని కొందరడుగవచ్చును. ధనవంతుడొకడు పూనుకొనిన చాలునుగదా యనియు ననవచ్చును. జర్మనీలోని హోఫెన్‌హైమ్ జనసంఖ్య సుమారు 3,000. చిన్ననాట ఆ యూరి సంఘమున ఆడిన డీట్మార్ హోప్ అను వ్యాపారవేత్త పెట్టిన ధనముతో ఆ సంఘము మెట్లెక్కి 2008లో దేశములోని ప్రథమశ్రేణికి చేరెను. మరుసటి సంవత్సరము జిన్స్‌హైమ్‌లో సుమారు 30,000 మంది పట్టు క్రీడాగారమును కట్టిరి. పుట్టిన యూరిపై ప్రేమతో చేసిన పని యగుటచే అది నిందింపదగినది కాదు. కాని అట్టి దాత ప్రతి పల్లెకును దొరకడు. దొరకినచోట సైతము ఆ సంఘము పల్లెదిగా మిగులుట కష్టము. చిన్న సంఘమును చిన్న సంఘముగానే బ్రతికించునవి చిన్న చేతులే. 30,000 మందిలో ఒకడు తగ్గినను ఎవరికిని తెలియదు. నూర్గురు చేరుచోట ఐదుగురు హెచ్చుగా వచ్చినచో వల కొనుటకో, వానకు చెడిన గీతలను మరల గీయుటకో పైకము సమకూడును. ఇది గుర్తించియే ఇంగ్లండులో 2010లో ఒక దినమును నెలకొల్పిరి. గొప్ప సంఘములకు ఆట లేని శనివారమున అభిమానులందరు తమ చేరువలోని చిన్న సంఘమును చూడవలెనని దాని యుద్దేశము. కొత్తవారు తమంత తాము రారు, పిలువవలెనని ఆ చిన్న సంఘములవారు నేర్చుకొనిరి.

కావున పల్లె మైదానమునకు పోవువాడు రుసుము చెల్లించి లోనికి పోవలెను. తేనీరు అచ్చటనే త్రాగవలెను. ఓడువారిని ఎగతాళి చేయరాదు. కడపటి ఈల వినబడువరకు నిలువవలెను. ఏలయనగా, ఆట ముగిసినపిదప వలను విప్పి మోసికొనిపోవు ముసలివానిని చూడనివాడు ఆ యూరిని సగమే చూచినవాడు.

అయినను అతిథి చేయు మేలులో పైకము చిన్నభాగమే. దూరదేశమునుండి ఒకడు తమ మైదానమునకై వచ్చెనని తెలిసిననాడు, ఆ యూరి బాలుడు దానిని కొత్తకన్నులతో చూచును. నిన్నటివరకు బురదనేల యని తోచినది ఈనాడు తన తాతలు కాపాడిన సొత్తుగా తోచును. సంక్రాంతి పండుగకు మన పల్లెలలో కబడ్డీ, వాలీబాల్ పోటీలు జరుగు చెరువుగట్టు నేలకును ఇదే న్యాయము వర్తించును. పెరటిచెట్టు విలువను పొరుగువాడు వచ్చి చెప్పుట మంచిదే. అతడు వచ్చులోపల దానిని ఎండిపోనీయక నీరు పోయుట మాత్రము ఇంటివారి పని.