కేరింతలకూ పరీక్షేనా?

1996 మార్చి 9, శనివారం. బెంగళూరులో భారత్, పాకిస్తాన్ జట్ల మధ్య ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్. కర్నూలులోని మా ఇంటి ఇరుకైన ముందుగదిలో ఇంటిల్లిపాదీ, వీధిలోని మరో పదిమందీ టీవీ ముందు కూర్చున్నాం. చివరి ఓవర్లలో అజయ్ జడేజా వకార్ యూనిస్ బంతులను చితకబాదుతుండగా అబ్బాజాన్ లేచి వెళ్లి వీధివైపు కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచారు. ఉక్కపోత భరించలేక కాబోలు అనుకున్నాను. తర్వాత వెంకటేశ్ ప్రసాద్ ఆమిర్ సొహైల్‌ను బౌల్డ్ చేసినప్పుడు ఆయన వేసిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మామూలుగా ఏ ఆటనైనా పెదవి విప్పకుండా చూసే మనిషి ఆయన. ఆ కిటికీ గాలి కోసం తెరిచింది కాదని, మా సంతోషం వీధికి వినబడాలని తెరిచిందని గ్రహించడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఆనాటి భారత జట్టు నాయకుడు హైదరాబాదు ముస్లిం అజహరుద్దీన్. అయినా మా ఇంటి కేక వీధికి వినబడవలసే వచ్చింది.

క్రీడాభిమానులను మీ జీవితంలో మరపురాని ఘట్టమేదని అడిగితే 1983 లార్డ్స్ అనో, 2011 వాంఖడే అనో చెబుతారు. నేనూ చెప్పగలను. కానీ నా జ్ఞాపకాల్లో అన్నిటికన్నా ముందు వచ్చి నిలిచేది ఆ కిటికీ. నాబోటి వారికి ఆట ఒక్కటే గుర్తుండదు. ఆట చూస్తున్న మనల్ని ఎవరు చూస్తున్నారన్నదీ గుర్తుంటుంది.

ఇందుకు పూర్తిగా భిన్నమైన ఘట్టం ఒకటుంది. 1999 జనవరి 31, చెన్నై చెపాక్ మైదానం. పన్నెండేళ్ల తర్వాత టెస్టులు ఆడేందుకు పాకిస్తాన్ జట్టు మన దేశానికి వచ్చింది. ఆ పర్యటన జరగరాదంటూ ఢిల్లీలో పిచ్‌ను తవ్విపోసిన రోజులవి. 271 పరుగుల లక్ష్యంతో బరిలోకి దిగిన భారత్‌ను నడుము నొప్పిని ఓర్చుకుంటూ సచిన్ 136 పరుగులతో గెలుపు గుమ్మం దాకా తీసుకువచ్చాడు. అతడు అవుటయ్యాక మిగిలిన మూడు వికెట్లూ నాలుగు పరుగులకే కూలిపోయాయి. ఓటమి తేడా కేవలం 12 పరుగులు. మైదానం కాసేపు మూగబోయింది. ఆ తర్వాత వేలాది ప్రేక్షకులు లేచి నిలబడి పాకిస్తాన్ ఆటగాళ్లకు చప్పట్లు కొట్టారు. వసీం అక్రమ్ తన జట్టుతో మైదానమంతా తిరిగి ఆ అభినందనను స్వీకరించాడు. ఆ చప్పట్లు దేశానికి అవమానమని ఆనాడు ఎవరూ అనలేదు. పైగా భారతీయ క్రీడాసంస్కారానికి ఉదాహరణగా నేటికీ చెప్పుకుంటున్నాం. చెప్పుకోవలసిందే.

అయితే 2021 అక్టోబరులో దుబాయ్‌లో పాకిస్తాన్ చేతిలో భారత్ ఓడిపోయాక, ఆగ్రాలో చదువుకుంటున్న ముగ్గురు కాశ్మీరీ విద్యార్థులు ఫోన్‌లో పెట్టిన సందేశాలకు అరెస్టయ్యారు. దేశద్రోహ అభియోగం కూడా మోపారు. వారి తరఫున వాదించబోమని స్థానిక న్యాయవాద సంఘాలు ప్రకటించాయి. అయిదు నెలలు జైల్లో గడిపాక, 2022 మార్చి చివర అలహాబాద్ హైకోర్టు వారికి బెయిలు ఇచ్చింది. పిల్లగాలి లాంటి వట్టి నినాదాలకు వంగిపోయే వెదురుపుల్లలతో భారతదేశ ఐక్యత తయారు కాలేదని ఆ ఉత్తర్వు భావం. ఎంత నిబ్బరమైన మాట! కానీ అయిదు నెలల కాలాన్ని ఏ ఉత్తర్వూ వెనక్కి ఇవ్వదు. ఆ విద్యార్థుల అభిరుచిని నేను సమర్థించడం లేదు. ప్రత్యర్థి జట్టును మెచ్చుకుంటే చెపాక్‌లో సంస్కారం, ఆగ్రాలో నేరం ఎలా అయిందన్నదే నా ప్రశ్న. చట్టం చూడవలసింది చేసిన పనిని; చేసినవారి పేరును కాదు.

ఈ తూకపురాళ్లు మనం కనిపెట్టినవి కావు. 1990లో బ్రిటన్ రాజకీయ నాయకుడు నార్మన్ టెబిట్ ఇలాంటి పరీక్షనే ప్రతిపాదించాడు. ఇంగ్లండులో స్థిరపడిన ఆసియా సంతతివారు క్రికెట్‌లో ఏ జట్టును బలపరుస్తున్నారో చూసి వారి విధేయతను తేల్చాలన్నాడు. అది జాతివివక్ష అని మన దేశంలోనూ విమర్శలు వచ్చాయి. నేడు లండన్‌లోనూ మెల్‌బోర్న్‌లోనూ స్థిరపడిన మన తెలుగువారు, ఆ దేశాల పౌరసత్వం తీసుకున్నవారు సహా, త్రివర్ణ పతాకాలతో స్టేడియాలకు వెళ్లి భారత్ గెలవాలని గొంతు చించుకుంటారు. టీవీలో వారిని చూసి మురిసిపోతాం. అంతెందుకు? 2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్ సమయంలో కేరళలోని కోళిక్కోడ్ జిల్లా పుల్లావూరులో నది నడుమ మెస్సీ, నెయ్‌మార్, రొనాల్డోల నిలువెత్తు బొమ్మలు లేచాయి. అర్జెంటీనాను ప్రేమించినవాడు దేశభక్తుడేనా అని ఎవరూ అడగలేదు. అడిగితే నవ్వుతారు.

మరి మనల్ని అడిగినప్పుడు ఎందుకు నవ్వలేకపోతున్నాం?

జకార్తా సంగతి మన పిల్లలకు చెప్పాలి. 1962 ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్. భారత జట్టు శిక్షకుడు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. అప్పటికే క్యాన్సర్ ఆయనను లోలోపల తినేస్తోంది. ఇజ్రాయెల్, తైవాన్‌లకు ఆ క్రీడల్లో చోటు ఇవ్వకపోవడాన్ని ఒక భారతీయ క్రీడాధికారి తప్పుబట్టడంతో ఇండోనేసియా ప్రేక్షకులు మన జట్టుపై మండిపడుతున్నారు. స్టేడియమంతా ఎగతాళి అరుపులు. అంతటి జనంలో భారత్ పక్షాన గొంతెత్తినది అక్కడున్న పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లేనని ఆనాటి మన క్రీడాకారులు తర్వాత గుర్తుచేసుకున్నారు. హాకీ ఫైనల్‌లో మనల్ని ఓడించి స్వర్ణం పట్టుకెళ్లినవారే వారు! పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరొక గోల్ చేయగా దక్షిణ కొరియాపై 2–1తో భారత్ గెలిచింది. మరుసటి ఏడాదే రహీం సాహెబ్ కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు.

ఇప్పుడు కొంచెం కటువైన మాట. తప్పంతా ఎదుటివారిదేనని నేను అనడం లేదు. 2022 మే నెలలో నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ ఇస్తాంబుల్‌లో ప్రపంచ బాక్సింగ్ స్వర్ణం గెలిచిన రాత్రి మన ఫోన్లన్నీ ఆమె ఫొటోలతో నిండిపోయాయి. ఆడపిల్లకు ఆ ఆటేమిటి, ఆ దుస్తులేమిటి అని ఒకప్పుడు ఆమెనూ ఆమె తండ్రినీ ప్రశ్నించినవారిలో మనవాళ్లూ ఉన్నారు. ఆమె సాధనకు అండగా నిలవని మనం ఆమె పతకాన్ని మాత్రం యోగ్యతాపత్రంలా చేతబట్టుకుని 'చూడండి, మేమూ దేశానికి పనికివస్తాం' అన్నాం. ఈ అలవాటు ప్రమాదకరం. గెలిచిన రోజు యోగ్యతాపత్రమైనవాడు ఓడిన రోజు నేరారోపణ పత్రమవుతాడు.

షమీ విషయంలో జరిగింది అదే. దుబాయ్ ఓటమి తర్వాత పదకొండు మంది ఓడితే తిట్లు ఎక్కువగా ఒక్కడికే, అతని మతం పేరుతో వచ్చాయి. కెప్టెన్ కోహ్లీ బహిరంగంగా అతని పక్షాన నిలబడి, మతాన్ని బట్టి మనిషిపై దాడి చేయడాన్ని తీవ్రంగా ఖండించాడు. అందుకు ఆయనకు ఎప్పటికీ కృతజ్ఞత చెప్పాలి. మరుసటి ఏడాది ఆసియా కప్‌లో ఒక క్యాచ్ జారవిడిచిన అర్ష్‌దీప్ సింగ్‌ను ఖలిస్తానీ అన్నారు. ఈ బాధ మన ఒక్కరిదే కాదు.

2023 నవంబరు 15, వాంఖడే, ప్రపంచకప్ సెమీఫైనల్. షమీ 57 పరుగులకు 7 వికెట్లు తీసిన రోజు. అందరికీ ఆ ఏడు వికెట్లు గుర్తు. నాకు మాత్రం బుమ్రా బౌలింగ్‌లో విలియమ్సన్ ఇచ్చిన సులువైన క్యాచ్ షమీ చేతుల్లోంచి జారిన క్షణం గుర్తు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. మ్యాచ్ పోతుందన్న దిగులు కాదది. రేపు ఏమంటారోనన్న దిగులు. కాసేపటికి విలియమ్సన్‌ను షమీయే అవుట్ చేశాక అందరం ఒక్కసారిగా ఊపిరి వదిలాం.

2025 ఆగస్టులో ఓవల్‌లోనూ అంతే. నాలుగో రోజు సిరాజ్ క్యాచ్ పట్టి బౌండరీ తాడు తొక్కేశాడు. అప్పటికి 19 పరుగుల మీదున్న బ్రూక్ 111 చేశాడు. ఆ రాత్రి పదిహేనేళ్ల మా అబ్బాయి ఫోన్‌లో మ్యాచ్ వార్తల కింద జనం రాసినవి చదువుతుంటే వద్దని ఫోన్ తీసుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం మూడున్నరకు ఆట మొదలైంది. ఇంగ్లండుకు 35 పరుగులు కావాలి, చేతిలో నాలుగు వికెట్లు. అందులో మూడు సిరాజ్‌వే. ఆ సిరీస్‌లో అయిదు టెస్టులూ ఆడి వెయ్యికి పైగా బంతులు వేసిన కాళ్లతో, భుజం కీలు తప్పి ఒంటిచేత్తో వచ్చిన వోక్స్ అవతలి కొసన నిలబడి చూస్తుండగా, అట్కిన్‌సన్ స్టంపును ఎగరగొట్టాడు. ఆరు పరుగుల తేడాతో గెలుపు. ఫస్ట్ లాన్సర్ వీధుల్లో ఆడుకున్న ఆటోడ్రైవరు కొడుకు. నాన్న పోయిన వార్త విని కూడా ఆస్ట్రేలియాలో జట్టుతోనే ఉండిపోయిన కుర్రాడు.

మా అబ్బాయి కుర్చీమీంచి ఎగిరి అరిచాడు. వంటింట్లోంచి వాళ్ల అమ్మీ పరుగెత్తుకొచ్చింది. బయట వాన తుంపర పడుతోందని అంతకుముందే కిటికీ వేసి ఉంది. అలవాటుగా నా చూపు అటు వెళ్లింది. లేవలేదు. అబ్బాయి ఆ చివరి బంతిని మళ్లీ చూపిస్తున్నారని పిలిస్తే వాడి పక్కన కూర్చుని చూశాను.