ముసురు పట్టిన రోజు మన పొయ్యి మీద ఏముంది? (వాడ ముచ్చట్లు – 17)



మూడు రోజులుగా ముసురు వదలట్లేదు. ఫేస్‌బుక్ తెరిస్తే ఒకరి గోడ మీద మిరపకాయ బజ్జీ, ఇంకొకరి గోడ మీద అరటిపండు కేకు, పక్కనే పొగలు కక్కే చాయ్. ‘వానకు ఇంతకంటే సుఖం ఏముంటుంది’ అని కింద ఒక మాట. నాకూ బజ్జీలంటే ఇష్టమే. వాళ్ల మీద నాకేం కోపం లేదు.

అయితే నిన్న రాత్రి ఒక చెల్లె మెసేజ్ పెట్టింది. ఎస్సీ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. “అక్కా, వానాకాలం మీ ఇంట్లో ఇష్టంగా ఏం చేసుకుంటరో ఒక పేజీ రాసుకొని రమ్మన్నరు క్లాసుల. ఒకరు కేకు అన్నరు, ఒకరు నెయ్యేసిన పెసరపప్పు కిచిడీ అన్నరు. నన్నడిగితే పకోడీ అని అబద్ధం చెప్పిన. మా ఇంట్ల వానొస్తే తునకల కూర. చెప్పబుద్ధి కాలే” అని రాసింది.

ఆ మెసేజ్ చదివినంక నాకు నిద్ర పట్టలేదు. ముప్పై ఏండ్ల కింద నేను కూడా సరిగ్గా అదే అబద్ధం చెప్పిన. నేను పకోడీ అనలేదు, ఉప్మా అన్న. ఇన్నేండ్లలో ఎన్ని సభలు పెట్టినం, ఎన్ని నినాదాలు రాసినం! అయినా మన పిల్ల ఇంకా నోరు తెరిచి తన ఇంటి కూర పేరు చెప్పలేకపోతోంది. అందుకే ఈ వారం రాద్దామనుకున్న భూమి ముచ్చట పక్కన పెట్టి ఇది రాస్తున్న.

ముందు వాన సంగతి చెప్తా. మా వాడలో వాన అంటే ఒకటే అర్థం ఉండేది కాదు. నాట్ల కాలంలో వాన కూలి తెచ్చేది. మా అమ్మ యూరియా సంచిని కొప్పెరలాగా మడిచి నెత్తిన వేసుకొని, మోకాళ్ల లోతు బురదలో పొద్దంతా వంగి నాటు వేసేది. అదే వాన ముసురై నాలుగు రోజులు కూర్చుంటే, నల్లరేగడిలో కాలు పెట్టరాదు. పత్తిలో కలుపు ఆగిపోతుంది. కలుపు ఆగితే కూలి లేదు. కూలి లేకపోతే సాయంత్రం బియ్యం లేవు. కిలో రెండు రూపాయల బియ్యం పథకం 1983లో వచ్చింది కాబట్టి మా తరం మా అమ్మ తరం కంటే కొంచెం తక్కువ ఆకలి చూసింది. కానీ ఆ బియ్యం తెచ్చుకోవడానికి కూడా చేతిలో రూపాయి ఉండాలి కదా.

ఇంకో కష్టం పొయ్యి. ఇల్లు కురుస్తుంటే మంచం కింద దాచిన పత్తికట్టె ఒక్కటే పొడిగా ఉండేది. ఊదుగొట్టం పెట్టి ఊదీ ఊదీ అమ్మ కండ్లు ఎర్రగా అయ్యేవి. ఇల్లంతా పొగ. ఆ పొగలో కూర్చొని మేము ‘వాన ఎంత బాగుంది’ అనుకోలేదు. ఇది దాచిపెట్టి వాడ వంటల గురించి తియ్యగా రాస్తే అది మోసం. పేదరికాన్ని వంటకం చేసి అమ్మడం నాకు చేతకాదు.

అయితే ఆ పొగలో కూడా ఒక తెలివి ఉండేది. 

ఎండాకాలంలో పెద్దకూర తెచ్చినప్పుడు అంతా ఒక్కసారే వండేవాళ్లు కాదు. కొంత తీసి సన్నగా, పొడుగ్గా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి దండెం మీద ఆరేసేవాళ్లు. కాకులు రాకుండా కాపలా మేము. నాలుగైదు ఎండలు తగిలితే తునకలు కట్టెల్లాగా గట్టిపడేవి. వాటిని కుండలో వేసి మూతికి గుడ్డ కట్టి దాచేది అమ్మ. ముసురు పట్టి, చేతిలో పైసా లేక, అంగడికి పోయే తొవ్వ మునిగిన రోజు ఆ కుండ మూత విప్పేది. నిప్పుల మీద కాల్చి, రోట్లో దంచి, గోంగూరతోనో దోసకాయతోనో ఉడికించేది. నాలుగు తునకలు వేస్తే ఇంటిల్లిపాది ముద్ద దిగేది. ఫ్రిజ్ లేని ఇంట్లో, జీతం లేని కాలం కోసం, ఎండను ఉప్పుతో కట్టి వానకు దాచిపెట్టడం అది. దాన్ని శాస్త్రం అనకపోతే ఇంకేమంటారు?

ఇక కేకు సంగతి. ఓవెన్ ఉంటేనే బేకింగ్ అనుకుంటున్నారు మన పిల్లలు. వరంగల్ వైపు సర్వపిండి అంటారు, మా వైపు తపాలచెక్క అంటారు. మా అమ్మ నూకలు విసిరిన పిండితో చేసేది. పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లిగడ్డ, కారం, ఉప్పు వేసి నీళ్లతో పిసికి, నూనె రాసిన గిన్నె లోపలి గోడలకు పలుచగా ఒత్తాలి. వేలితో అక్కడక్కడా బొక్కలు పెట్టి, బొక్కకో చుక్క నూనె వేయాలి. పైన మూత పెట్టి సన్న సెగ మీద వదిలేయాలి. అడుగు ఎర్రగా కాలి, పైన మెత్తగా ఉంటే అయినట్టు. రెండో చెక్క ఒత్తేముందు గిన్నెను నీళ్లలో పెట్టి చల్లార్చాలి, లేకపోతే చెయ్యి కాలుతుంది. మూత పెట్టిన గిన్నెలో పొడి వేడి మీద పిండి కాలితే అది బేకింగ్ కాక మరేమిటి? ఇది అన్ని కులాల ఇండ్లలోనూ చేస్తారు, మాది మాత్రమే అనను. కానీ మా ఇంట్లో అది పలహారం కాదు, రాత్రి భోజనం. తేడా అక్కడుంది.

ఇప్పుడు నా సొంత అనుభవం ఒకటి చెప్తా. పట్నంలో ఒక ఇంట్లో పై అంతస్తు కిరాయికి ఉండేవాళ్లం. 2020 లాక్‌డౌన్ తర్వాతి వానాకాలం. మా బిడ్డ ఫోనులో చూసి ప్రెషర్ కుక్కర్లో కేకు చేసింది. అడుగున ఉప్పు పోసి, గ్యాస్‌కెట్టూ విజిలూ తీసేసి, గిన్నె పెట్టి నలభై నిమిషాలు కాపలా కాసింది. మధ్యలో కొంచెం కుంగింది గానీ వాసన మాత్రం మెట్ల దాకా పోయింది. ఇంటి ఓనరమ్మ పైకొచ్చి, “ఏం చేస్తున్నవమ్మా, ఇంత మంచి వాసన!” అని నవ్వింది. మేము ఒక ముక్క పెట్టినం. తిన్నది. మెచ్చుకున్నది.

పది రోజుల తర్వాత మళ్లీ ముసురు. ఊరి నుంచి అమ్మ పంపిన తునకలు వండుకున్నం. అదే పొయ్యి, అదే కిటికీ, అదే వాన. ఈసారి ఓనరమ్మ పైకి రాలేదు, వాళ్లాయన వచ్చిండు. “మా ఇంట్లో ఇట్లాంటివి నడవయి, వచ్చే నెల చూసుకోండి” అన్నడు. నా బిడ్డ గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆ రాత్రి అది నన్ను అడిగింది: “అమ్మా, ఇకనుంచి కేకే చేసుకుందామా?”

ఈ ప్రశ్నకు నేను అప్పుడు జవాబు చెప్పలేదు. సామాన్లు సర్దుకోవడంలో పడిపోయిన. ఇవాళ చెప్తున్న. కేకూ చేసుకుందాం బిడ్డా, తునకలూ వండుకుందాం. కేకు వాళ్లది, తునక మనది అని పంచుకుంటే మనం ఓడిపోయినట్టే. మైదా మీద ఎవరి పేరూ రాసి లేదు. పెద్దకూర తింటేనే దళితులు, తినకపోతే కాదు అని మనలో మనం పరీక్షలు పెట్టుకోవడం కూడా తప్పే. 1927లో మహాడ్‌లో బాబాసాహెబ్ చచ్చిన పశువుల మాంసం, ఎంగిలి మెతుకులు మానుకోమని మన వాళ్లకు చెప్పిండు. 1948లో అచ్చయిన అంటరానివారి పుస్తకంలో గొడ్డుమాంసానికీ అంటరానితనానికీ ఉన్న సంబంధాన్ని విడమరిచి రాసిండు. నాకు అర్థమైన సారం ఇది: దిక్కులేక తిన్నదాన్ని విడవాలి, ఇష్టపడి తినేదానికి తల వంచొద్దు. ఏది ఏదో తేల్చుకోవాల్సింది మనం, ఇంటి ఓనరు కాదు.

కొందరు పెద్దలు అంటారు, ‘పోరాటాలు ఇన్ని ఉండగా వంటల ముచ్చట ఎందుకమ్మా’ అని. వంటింట్లో కులం లేకుంటే నేనూ రాసేదాన్ని కాదు. బడిలో మధ్యాహ్న భోజనం వండే పనిలో దళితులకు ప్రాధాన్యం ఇవ్వమని 2004లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ పెడితే గొడవ జరిగింది. ఎవరు వండాలి, ఎవరి పక్కన కూర్చొని తినాలి అన్న దగ్గరే కులం ఇప్పటికీ గట్టిగా ఉంది.

డబ్బు లెక్క కూడా చూద్దాం. తెలంగాణలో హాస్టల్ డైట్ చార్జీలు 2024లో పెరిగినయి. ఇంటర్ నుంచి పీజీ దాకా నెలకు 1,500 రూపాయలు ఉన్నది 2,100 అయింది. పెరగడం మంచిదే, కొట్లాడితేనే పెరిగింది. ముప్పైతో భాగించండి: రోజుకు 70 రూపాయలు. పొద్దున టిఫిన్, మధ్యాహ్నం, రాత్రి, అన్నీ అందులోనే. పట్నంలో మంచి కేఫ్‌లో ఒక్క కేకు ముక్కకే అంతకంటే ఎక్కువ అవుతుంది. ముసురు రోజున నీళ్లచారు ముందు కూర్చున్న పిల్లను ‘నీకు సుఖాన్నిచ్చే వంట ఏది’ అని అడుగుతున్నామంటే, మనం ఎవరిని అడుగుతున్నామో కూడా చూసుకోవాలి.

ఇంకో రెండు మాటలు. ఆ కేకు గిన్నెలు తోమడానికి వానలో తడుస్తూ వచ్చేది చాలాసార్లు మన వాడ అమ్మే. రాకపోతే ఆ రోజు జీతం కోత. ఆ బజ్జీలు ఇంటికి తెచ్చేది బండి మీద తడిసే మన తమ్ముడే. పగలు కాలేజీ, రాత్రి డెలివరీ. ఒకరి సుఖం కోసం ఇంకొకరు తడవాల్సి వస్తే ఆ తడిసిన వాళ్ల లెక్క కూడా తేలాలి. భారీ వాన రోజు ఇంటిపని చేసే అమ్మకు జీతం కోయొద్దు. ఇది మీ ఇండ్లలోనే, మీ గదుల్లోనే మొదలుపెట్టొచ్చు. దీనికి జీవో అక్కర్లేదు.

విద్యార్థులకు ఒక పని చెప్తున్న. 2009లో పుణె విశ్వవిద్యాలయం మహిళా అధ్యయన కేంద్రంలో విద్యార్థులు దళితుల తిండి జ్ఞాపకాలను పుస్తకంగా తెచ్చారు. షాహూ పటోలే మరాఠ్వాడా దళిత వంటల మీద 2015లో మరాఠీలో పుస్తకం రాసిండు, 2024లో ఇంగ్లిష్‌లోకి వచ్చింది. మన వాడల వంట మనం రాసుకోవాలి. ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు అమ్మనో అమ్మమ్మనో కూర్చోబెట్టి అడగండి: ముసురు పట్టినప్పుడు ఏం వండేదానివి? కట్టెలు ఎక్కడ దాచేదానివి? ఏమీ లేని రోజు ఏం చేసినవ్? కొలతలు ‘పిడికెడు’, ‘చిటికెడు’ అంటే అట్లాగే రాయండి. ఏడిస్తే ఆపండి, మళ్లీ రేపు అడగండి.

ఇక ఆ చెల్లెకు నా జవాబు. ఆ పేజీ ఇంకా ఇవ్వకపోతే పకోడీ కొట్టేయి. మీ అమ్మ తునకలు ఎట్లా ఆరేస్తుందో, ఎన్ని ఎండలు కావాలో, ఏ ఆకుతో వండుతుందో రాయి. భయమైతే ముందు నాకు పంపు, చదువుతా. క్లాసులో చదవాలా వద్దా అన్నది నీ ఇష్టం, నిన్ను ముందుకు తోసి వెనక నిలబడను. కానీ అబద్ధం మాత్రం అచ్చు కావద్దు. నాకు ఉప్మా అన్న మాట ముప్పై ఏండ్లయినా గొంతులోనే ఉంది.

బయట ఇంకా కురుస్తోంది. మా బిడ్డ ఇవాళ తపాలచెక్క ఒత్తుతోంది. గిన్నె చల్లార్చకుండానే చెయ్యి పెట్టి కాల్చుకున్నది. అమ్మమ్మ ఫోనులో తిడుతోంది. భూమి ముచ్చట వచ్చే వారం.

జై భీమ్.