క్రియాటినిన్ బాగుంటే చాలదు

మధుమేహం మూత్రపిండాలను ఎలా పాడుచేస్తుందని అడిగితే, "చక్కెర ఎక్కువై" అన్న సమాధానమే సాధారణంగా వస్తుంది. అది సగం నిజం. చక్కెర కణాలను విడివిడిగా దెబ్బతీయడమే గాక, వాటి మధ్య నడిచే సందేశాలను కూడ తారుమారు చేస్తుంది. ఈ సంగతి తెలిస్తే మనం ఏ పరీక్షను నమ్ముకోవాలో కూడ తెలుస్తుంది.

ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. ప్రతి నెఫ్రానులో రక్తాన్ని వడపోసే కేశనాళికల ఉండ, దానినుండి సాగే సన్నని గొట్టం ఉంటాయి. ఆ గొట్టంలో కొంతదూరాన ఉన్న మాక్యులా డెన్సా అనే కణాలు తమ దాకా వచ్చే ఉప్పును గమనిస్తూ, రక్తం తెచ్చే ధమనికకు బిగియమనో, వదులు కమ్మనో రసాయనాల ద్వారా కబురు పంపుతుంటాయి. మధుమేహంలో గొట్టపు తొలిభాగం చక్కెరతో పాటు ఉప్పును కూడ ఎక్కువగా వెనక్కి పీల్చుకుంటుంది. దిగువకు ఉప్పు తగ్గడంతో, వడపోత చాలడం లేదన్న తప్పుడు కబురు వెళ్తుంది. ధమనిక వదులై, వడపోత ఉండపై ఒత్తిడి పెరుగుతుంది.

ఆ ఒత్తిడికీ, చక్కెరకూ తొలుత నలిగేవాటిలో పోడోసైట్లు ముఖ్యమైనవి. ఇవి జల్లెడగా పనిచేస్తూనే, పక్కనున్న రక్తనాళ కణాలకు పోషక సంకేతాలు పంపుతుంటాయి. ఇవి రాలిపోతే వీటి స్థానంలో కొత్తవి దాదాపు పుట్టవు. పోషణ కరవైన పొరుగు కణాలు కూడ దెబ్బతింటాయి. మచ్చ కట్టించే సంకేతాలు పెరిగి, వడపోత ఉండ క్రమంగా గట్టిపడుతుంది.

ఈ నష్టం సాధారణంగా మొదట మూత్రంలో ఆల్బుమిన్‌గా బయటపడుతుంది. రక్తంలో క్రియాటినిన్ మాత్రం, వడపోత శక్తి సగం వరకు తగ్గినా మామూలుగానే కనిపించవచ్చు. అందుకే "క్రియాటినిన్ బాగుంది, భయం లేదు" అనుకోవడం ప్రమాదకరమని నా అభిప్రాయం.

"ముందే తెలిసి ఏం లాభం?" అనడానికి ఇప్పుడు వీలు లేదు. ఎస్.జి.ఎల్.టి.2 నిరోధక మందులు ఆ పీల్పును తగ్గించి, ఉప్పును దిగువకు చేర్చి, కబురును సరిదిద్దుతాయి. అవి మూత్రపిండాల క్షీణతను నెమ్మది చేస్తాయని 2019లో కానాగ్లిఫ్లోజిన్, 2020లో డాపాగ్లిఫ్లోజిన్ పరీక్షలు చూపాయి. ఇవి అందరికీ సరిపడవు కనుక వైద్యుని సలహాతోనే వాడాలి.

టైప్ 2 మధుమేహం ఉన్నవారు వ్యాధి బయటపడిన నాటినుండి, టైప్ 1 వారు 5 ఏళ్ళ తరవాతనుండి, ఏటా మూత్రంలో ఆల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి చూపించుకోవాలి. అది గ్రాముకు 30 మిల్లీగ్రాములు చేరినా, మించినా మళ్ళీ పరీక్షించి నిర్ధారించుకోవాలి. ఈసారి చక్కెర పరీక్షకు వెళ్ళినప్పుడు ఈ పరీక్షను కూడ మీరే అడగండి.