హార్వర్డులో సీటుకు మార్కులొక్కటే చాలవు

అమెరికాలో చదువుతున్న మనవడికి పరీక్షల్లో మంచి మార్కులు వచ్చాయని కబురు అందగానే, ఇక పెద్ద విశ్వవిద్యాలయంలో సీటు ఖాయమని ఊళ్లో తాతలు, నాయనమ్మలు సంబరపడడం సహజం. మార్కులను బట్టి ర్యాంకు, ర్యాంకును బట్టి సీటు అన్నది మనకు అలవాటైన పద్ధతి. కాని హార్వర్డు వంటి విశ్వవిద్యాలయాల వద్ద ఈ లెక్క పనిచేయదు.

2024లో హార్వర్డు డిగ్రీ ప్రవేశానికి 54,008 మంది దరఖాస్తు చేసుకోగా 1,937 మందికి మాత్రమే సీట్లు దక్కాయి. అంటే 28 మందిలో ఒక్కరికి. దరఖాస్తు చేసేవారిలో అధిక సంఖ్యాకులు మంచి మార్కులు వున్నవారే. అందుచేత మార్కులు గడప దాటించగలవే గాని సీటు ఇప్పించలేవు. ఉపాధ్యాయుల అభిప్రాయం, విద్యార్థి రాసుకున్న వ్యాసం, చదువు వెలుపల చేసిన పనులు అన్నీ చూసి ఎంపిక చేస్తారు. అక్కడే చదివిన తల్లిదండ్రుల బిడ్డలకు హార్వర్డులో కొంత మొగ్గు వుండడం కోర్టు విచారణలోనే బయటపడింది. వలస వెళ్లిన కుటుంబాలకు ఆ వెసులుబాటు వుండదు.

తీర్పు తరువాత

ఆసియా సంతతి విద్యార్థులకు అన్యాయం జరుగుతున్నదంటూ 2014లో హార్వర్డుపై దావా పడింది. ప్రవేశాలలో జాతిని లెక్కలోకి తీసుకోరాదని 2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దీనితో మన పిల్లలకు దారులు తెరచుకున్నట్టేనని చాలామంది భావించారు. అయితే ఫలితాలు అన్నిచోట్లా ఒకే విధంగా లేవు. 2024లో చేరినవారిలో ఆసియా సంతతి వారి వాటా మసాచుసెట్స్‌ సాంకేతిక విద్యాసంస్థలో 40 నుంచి 47 శాతానికి పెరగగా, యేల్‌లో 30 నుంచి 24 శాతానికి తగ్గింది. తీర్పును నమ్ముకుని సీటు వస్తుందనుకోవడం పొరపాటు.

అన్నకో న్యాయం, చెల్లెలికో న్యాయం

అసలు చిక్కు కాగితాల దగ్గర వున్నది. ఉద్యోగ వీసాపై వెళ్లిన కుటుంబంలో అన్న ఇక్కడ పుట్టి, నాలుగేళ్ల వయసులో అక్కడికి వెళ్లాడనుకుందాం. చెల్లెలు అక్కడే పుట్టింది. ఇద్దరూ ఒకే బడిలో చదివారు, ఒకే మార్కులు తెచ్చుకున్నారు. చెల్లెలు అమెరికా పౌరురాలు కనుక ప్రభుత్వ విద్యా సహాయానికి అర్హురాలు. అన్న హెచ్‌-4 అనే ఆశ్రిత వీసాపై వున్నాడు కనుక అతనికి ఆ సహాయం లేదు. చదువుకుంటూ జీతానికి పని చేసే వీలూ లేదు.

ఒక్కొక్క దేశానికి ఏటా 7 శాతానికి మించి ఉద్యోగ గ్రీన్‌కార్డులు ఇవ్వరాదన్న నిబంధన వల్ల భారతీయులు ఏళ్ల తరబడి వేచి వుండవలసి వస్తోంది. ఈలోగా పిల్లవాడికి 21 ఏళ్లు నిండితే ఆశ్రిత వీసా చెల్లదు. కాలేజీ చదువు మధ్యలోనే విద్యార్థి వీసాకు మారాలి, లేదా దేశం విడవాలి.

ఖర్చు మాట

2025-26లో హార్వర్డులో ఫీజు, బస, భోజనం కలిపి దాదాపు 87 వేల డాలర్లు. హార్వర్డు, యేల్‌, ప్రిన్స్‌టన్‌ వంటి కొన్ని సంస్థలు పౌరసత్వంతో నిమిత్తం లేకుండా, డబ్బు లేదన్న కారణంతో ఎవరినీ తోసిపుచ్చవు. అవసరాన్ని బట్టి సహాయం ఇస్తాయి. పెక్కు ఇతర కాలేజీలు మాత్రం వీసాపై వున్న విద్యార్థి సహాయం కోరితే, ఆ సంగతిని ఎంపికలోనే లెక్కిస్తాయి. సహాయ దరఖాస్తులో స్థిరాస్తుల వివరం కూడా అడుగుతారు. ఊళ్లో తండ్రి పేర వున్న పొలం కూడా ఆస్తిగానే చూపాలి.

కాబట్టి మనవడి మార్కులతో పాటు రెండు సంగతులు ముందుగా విచారించడం మంచిది. అతను ఏ వీసాపై వున్నాడు, 21 ఏళ్లు ఎప్పుడు నిండుతాయి? పేరున్న కాలేజీకి దరఖాస్తు పెట్టినా, సొంత రాష్ట్రపు విశ్వవిద్యాలయానికి కూడా పెట్టడం క్షేమం. చాలా రాష్ట్రాలలో హెచ్‌-4 పిల్లలకు స్థానికుల ఫీజే వర్తిస్తుంది. 21 దాటి విద్యార్థి వీసాకు మారితే అది కొనసాగుతుందో లేదో ముందే కనుక్కోవాలి. సీటు రాకముందే పొలం బేరం పెట్టడం తొందరపాటు. ఇక సీటు రాలేదని పిల్లవాడిని నిందించడం అన్యాయం. 28 మందిలో 27 మంది వెనుదిరిగే చోట, ఆ 27 మందిలో తెలివైనవారే ఎక్కువ.