నిచ్చెన అందని అంతస్తులకు ఎక్కేదెవరు?

ఐ.టి. మేడల్లో మంటలార్పేవారి రక్షణ మాటేమిటి?

రంగారెడ్డి జిల్లా వట్టినాగులపల్లిలో రాష్ట్ర అగ్నిమాపక శాఖ శిక్షణ కేంద్రం ఉంది. 2024 జూలై 26న అక్కడ 483 మంది కొత్త ఫైర్‌మెన్‌లు శిక్షణ ముగించుకుని కవాతు చేశారు. తెల్లవారుజామున ఊరి బయట రోడ్డు మీద పరుగు సాధన చేస్తూ పోలీసు కొలువో, ఫైరు కొలువో వస్తే చాలుననుకునే పల్లె యువకులకు అది తెలిసిన చిరునామాయే. ఆ కేంద్రానికి దగ్గర్లోనే కోకాపేట, నానక్‌రాంగూడ, ఆ పైన గచ్చిబౌలి, మాదాపూర్‌ల అద్దాల మేడలున్నాయి. కవాతు ముగించిన కుర్రవాడు రేపు ఆ మేడల్లో దేనికైనా వెళ్లవలసి రావచ్చు.

1998 నవంబరులో ప్రధాని వాజపేయి ప్రారంభించిన సైబర్ టవర్స్ పది అంతస్తులది. ఇప్పుడు కోకాపేట వైపు యాభై అంతస్తులు దాటిన భవనాలు లేచాయి. హైదరాబాద్ దళం వాడుతున్న బ్రాంటో స్కైలిఫ్ట్ 54 మీటర్ల ఎత్తుకు అందుతుంది. నివాస గృహాల లెక్కన అది పదిహేడు, పద్దెనిమిది అంతస్తులు. ఆఫీసు మేడల లెక్కన పదమూడో పద్నాలుగో. 112 మీటర్లు అందుకునే బండ్లు కూడా విదేశాల్లో తయారవుతున్నాయి. అంతటిది తెప్పించినా యాభయ్యో అంతస్తుకు చాలదు. పైగా అది కాళ్లు చాపి నిలబడటానికి గట్టి నేల, వెడల్పాటి జాగా కావాలి. కార్లు నిలిపి ఉన్న సందులో అంత పెద్ద బండీ పనికిరాదు. ఆపైన అంటుకున్న మంటకు మనిషి మెట్లెక్కి పోవలసిందే.

బూట్లు, మందపాటి కోటు, హెల్మెట్, వీపున గాలి సిలిండరు, భుజాన హోసుపైపు కలిపితే పాతిక కిలోల పైమాటే. అంటే సగం యూరియా బస్తాకు మించిన బరువుతో ఇరవై అంతస్తులెక్కి, ఆ తర్వాత పని మొదలుపెట్టాలి. ముప్పయి, నలభై నిమిషాలు వస్తుందని చెప్పే సిలిండరు గాలి కష్టపడి రొప్పే మనిషికి ఇరవై నిమిషాలకే అడుగంటుతుంది. గాలి తగ్గగానే ఈల మోగుతుంది. ఈల మోగాక బయలుదేరితే అప్పటికే ఆలస్యం కావచ్చు, తిరిగి రావడానికీ గాలి కావాలి కదా.

తాడు పట్టినవాడు

బావిలో పూడిక తీయడానికి మనిషిని దించితే పైన ఒకడు తాడు పట్టుకుని ఉంటాడు. ఆ తాడు వదిలి బీడీ కాల్చుకోవడానికి పోడు. అగ్నిమాపక పనిలోనూ ఇదే పద్ధతి. అమెరికా కార్మిక రక్షణ నిబంధనల ప్రకారం పొగలోకి ఇద్దరు కలిసే వెళ్లాలి, వారిని కాపాడేందుకు మరో ఇద్దరు సిద్ధంగా బయట ఉండాలి. బ్రిటన్‌లో ఎవరు ఎన్ని గంటలకు లోపలికి పోయారో, సిలిండరులో ఎంత గాలి ఉందో బయట ఒకరు పలకపై రాస్తూ ఉంటారు. ఇది కోట్లు పెట్టి కొనే యంత్రం కాదు. కావలసింది తగినంత మంది సిబ్బంది, ఆ అలవాటు. చాలని జనంతో ఫైరింజను కదిలితే తాడు పట్టేవాడే ఉండడు.

మన దేశంలో ఏటా ఏప్రిల్ 14న అమరులైన అగ్నిమాపక వీరులను తలుచుకుంటారు. 1944లో అదే రోజున బొంబాయి రేవులో పేలుడు మందు, పత్తి బేళ్లు మోసుకొచ్చిన ఫోర్ట్ స్టికీన్ ఓడ పేలి 66 మంది ఫైర్‌మెన్‌లు మరణించారు. వారి త్యాగాన్ని కీర్తించడం సబబే. కాని వీరుడని పొగిడి ఊరుకుంటే, వారు ఎందుకు చనిపోయారన్న ప్రశ్న వెనక్కి పోతుంది.

2021 మార్చి 8న కలకత్తా స్ట్రాండ్ రోడ్డులోని రైల్వే కార్యాలయ భవనంలో పై అంతస్తు అంటుకుంది. తొమ్మిది మంది మరణించారు. వారిలో నలుగురు అగ్నిమాపక సిబ్బంది. లిఫ్టులో పైకి వెళ్లిన వారికి ఆ లిఫ్టే ఉచ్చు అయింది. మంట ఉన్న అంతస్తు దగ్గర తలుపు తెరుచుకుంటే, కరెంటు పోతే, పొగ నిండితే ఇక దారి లేదు. 2015 మే 9న బొంబాయి కాల్బాదేవిలో పాత భవనం కూలి, నగర ప్రధాన అగ్నిమాపక అధికారి సహా నలుగురు అధికారులు ప్రాణాలు కోల్పోయారు. 2020 జనవరి 2న ఢిల్లీ పీరాగఢిలో బ్యాటరీల కర్మాగారం పేలి కూలిపోగా ఒక ఫైర్‌మన్ శిథిలాల కింద మరణించాడు. లిఫ్టు, కూలే శ్లాబు, పేలే బ్యాటరీ. ఈ మూడూ సైబరాబాద్ మేడల్లోనూ ఉన్నాయి.

డెక్కన్ మాల్ నేర్పినది

2023 జనవరి 19న సికింద్రాబాద్‌లో డెక్కన్ మాల్ తగలబడటం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. గుజరాత్ నుంచి వచ్చిన ముగ్గురు కార్మికులు అందులో చిక్కుకున్నారు. పొగ పీల్చి ఇద్దరు అగ్నిమాపక సిబ్బంది ఆస్పత్రి పాలయ్యారు. గంటల తరబడి కాలిన కట్టడంలో శ్లాబులు కూలాయి. లోపలికి మనిషిని పంపకుండా డ్రోన్‌తో వెతికించారు, వరంగల్ ఎన్.ఐ.టి. నిపుణుల చేత పరీక్ష చేయించారు. చిక్కినవారి కోసం గుంపులో ఆతృత ఉండటం సహజమే అయినా, ఆనాడు సిబ్బందిని ఆపడం సరైన పనే. సుమారు 550 డిగ్రీల వేడికి కాంక్రీటులోని ఇనుము తన బలంలో సగం దాకా కోల్పోతుంది. బయటికి మాత్రం గోడ నిక్షేపంగానే కనిపిస్తుంది.

అదే ఏడు మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు యువతీ యువకులు ఊపిరాడక చనిపోయారు. వారు వరంగల్, ఖమ్మం, మహబూబాబాద్ ప్రాంతాల పల్లెల నుంచి ఉద్యోగానికి వచ్చినవారు. లోపల ఎవరైనా ఉన్నారంటే ఫైర్‌మన్ వెళ్లకుండా ఉండలేడు. కాబట్టి మేడలో పనిచేసేవారి రక్షణ, మంటలార్పేవారి రక్షణ రెండు వేర్వేరు సంగతులు కావు.

2016 నాటి జాతీయ భవన నియమావళిలో ఇందుకు కావలసినవన్నీ ఉన్నాయి. పదిహేను మీటర్లు దాటితే ఎత్తైన భవనమే. ఫైర్‌మెన్‌కు ప్రత్యేక లిఫ్టు, పొగ చొరబడని మెట్లు, అంతస్తంతస్తుకు నీరెక్కే గొట్టం, మధ్యలో ఆశ్రయ స్థలం ఉండాలంది. ఇవి మేడ కట్టినవాడి ఖర్చు, నిర్వహించేవాడి బాధ్యత. పంపు పనిచేయకపోతే పై అంతస్తు చేరిన ఫైర్‌మన్ చేతిలో ఉత్త పైపే మిగులుతుంది. అనుమతి పత్రం ఇచ్చిన నాటి పంపు ఇవాళ కూడా నడుస్తోందా అన్నది ఆకస్మిక తనిఖీలో తేలవలసిన విషయం.

మంట ఆరాక కూడా ముప్పు పోదు. అమెరికాలో విధి నిర్వహణలో జరిగే ఫైర్‌మెన్ మరణాల్లో గుండెపోటుదే పెద్ద వాటా. ఈ వృత్తి క్యాన్సర్‌కు కారణమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2022లో తేల్చింది. మసి పట్టిన కోటునే మళ్లీ మళ్లీ తొడగడం వల్ల ఆ విషం ఒంటికి అంటుతుంది. మనిషికి రెండో జత కోటు, ఉతికే ఏర్పాటు, ఏటా గుండె పరీక్ష అడిగితే ఎవరూ దాన్ని గొంతెమ్మ కోరిక అనలేరు.

ఇదిలా ఉండగా, ఫైరింజను మేడ గేటు చేరగానే దానికి ఎదురయ్యేది కంపెనీ యజమాని కాదు, కాపలాదారు. చేవెళ్ల, శంకర్‌పల్లి వైపుల నుంచి కూడా అక్కడికి డ్యూటీలకు వెళ్లేవారున్నారు. ఏ అంతస్తు, లోపల ఎందరు మిగిలారు, సెల్లారులో బ్యాటరీ బండ్లు, గ్యాసు సిలిండర్లు ఉన్నాయా, పంపు గది తాళం ఎవరి దగ్గర ఉంది అన్నవి అతడు చెప్పగలిగితే, బయటికి వచ్చేసిన మనిషి కోసం ఫైర్‌మన్ పొగలో వెతుకులాడే పని తప్పుతుంది.

ఊళ్లో గడ్డివాము అంటుకున్నా ఇంతే. 101కు ఫోను చేసినవారు రోడ్డు మీదికి ఎదురు రావాలి. వాము మీదుగా కరెంటు తీగ పోతుంటే బండి వచ్చేలోగానే లైన్‌మన్‌కు చెప్పి సరఫరా ఆపించాలి. వాడకంలో లేని బావిలో గొడ్డు పడిందని పిలిచినప్పుడు అందులో చెడుగాలి ఉండవచ్చని ముందే చెప్పాలి.