వైద్యవిద్యార్థులు - స్వస్థవృత్తం

ఆరోగ్యమే మహాభాగ్యమన్నది తెలుగునాట పసిపిల్లలకు సైతం తెలిసిన మాట. ఆ భాగ్యాన్ని నలుగురికీ పంచే బాధ్యతను స్వీకరించి వైద్యం, దంతవైద్యం, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ వంటి విద్యలను అభ్యసించే యువతీయువకులు తెలుగు రాష్ట్రాలలో వేల సంఖ్యలో ఉన్నారు. ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రాన్ని ఎంచుకొన్నవారిలో అనేకుల లక్ష్యం కూడ అదే. అయితే రోగి దేహాన్ని గురించి ఇంతగా చదివే విద్యార్థి తన దేహం పట్ల ఎంత శ్రద్ధ వహిస్తున్నాడన్న ప్రశ్న తరగతి గదిలో అరుదుగా వినిపిస్తుంది. వైద్యరంగంలో ప్రవేశించేవారికి స్వీయారోగ్యం సొంత విషయమని తోసిపుచ్చదగినది కాదు. అది వారు నేర్వవలసిన విద్యలోనే ఒక భాగం.

ప్రాచీన భారతీయ వైద్యులు ఈ సంగతిని ఏనాడో గుర్తించారు. రోగం వచ్చిన పిదప చేసే చికిత్సతోపాటు, రోగం రాకుండా ఆరోగ్యవంతుడు పాటించవలసిన నడవడిని కూడ వారు శాస్త్రంగా తీర్చిదిద్దారు. ఆయుర్వేదంలో దీనికే స్వస్థవృత్తమని పేరు. చరకసంహిత ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం అనే మూడింటిని శరీరాన్ని నిలబెట్టే ఉపస్తంభాలుగా పేర్కొన్నది. ఉత్తమ వైద్యుని లక్షణాలను చెప్పే సందర్భంలో శాస్త్రజ్ఞానం, అనుభవం, నేర్పు అనే వాటి సరసన శౌచాన్ని కూడ చేర్చింది. విద్య ముగించి వృత్తిలో అడుగుపెట్టే వైద్యుడు గోళ్లు కత్తిరించుకొని, శుచియై, తెల్లని వస్త్రాలు ధరించి ఉండాలని సుశ్రుతసంహిత నిర్దేశించింది. వైద్యుని నడవడి సరిగా ఉన్నప్పుడే చికిత్స సరిగా మొదలవుతుందని ఆ శాస్త్రకారుల భావం.

నేటి పరిస్థితి ఇందుకు భిన్నంగా ఉన్నది. వైద్యవిద్య మీద ఆశ పెట్టుకొన్న విద్యార్థి జీవితం ఇంటర్మీడియట్ నుండే గాడి తప్పుతున్నది. తెల్లవారకముందే మొదలయ్యే చదువు రాత్రి పొద్దుపోయేదాకా సాగుతుంది. ఆటస్థలం లేని వసతిగృహాలలో రెండేళ్లు గడిపినవారికి నడక సైతం అపరిచితమవుతుంది. ప్రవేశపరీక్ష గట్టెక్కి కళాశాలలో చేరిన తరువాతనైనా మార్పు వస్తుందా అంటే, అదీ లేదు. ఉదయపు తరగతికి ఆలస్యమవుతుందని ఫలహారం మానివేయడం, మధ్యాహ్నం క్యాంటీన్‌లో సమోసా, టీలతో సరిపెట్టుకోవడం, అర్ధరాత్రి ఆకలికి నూడుల్స్‌ను ఆశ్రయించడం, పరీక్షల ముందు నిద్రను కాఫీతో తరిమివేయడం నిత్యకృత్యాలవుతాయి. మధుమేహం ఎందుకు వస్తుందో పుటలకొద్దీ వ్రాయగలిగినవాడే దానికి దారితీసే అలవాట్లను పెంచుకొంటాడు. రోగికి వేళ తప్పకుండా భోజనం, మందులు అందేటట్లు చూసే నర్సింగ్ విద్యార్థిని తన భోజనవేళను మరచిపోతుంది. దీపం కిందనే చీకటి అనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

తెలిసినంత మాత్రాన అలవాట్లు మారవు. తెలిసినదానిని ఆచరణలో పెట్టినప్పుడే ఫలితం కనిపిస్తుంది. ఈ సత్యాన్ని నిరూపించిన గొప్ప పరిశోధన వైద్యుల మీదనే జరిగింది. 1951లో బ్రిటన్‌లో రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే శాస్త్రవేత్తలు తమ దేశంలోని వైద్యులందరికీ పొగతాగే అలవాటును గురించి ప్రశ్నలు పంపారు. 40,000 మందికి పైగా సమాధానమిచ్చారు. పొగతాగే వైద్యులలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు అధికంగా ఉన్నాయని ఆ పరిశోధన వెల్లడించింది. అది తెలిసి అనేకమంది వైద్యులు ఆ అలవాటును విడిచిపెట్టారు. కాలక్రమంలో వారిలో ఆ మరణాలు తగ్గాయి. 2004లో ప్రకటించిన 50 సంవత్సరాల ఫలితాల ప్రకారం జీవితాంతం పొగతాగినవారు సగటున పదేళ్ల ఆయుష్షును కోల్పోయారు. ముప్పయ్యేళ్ల వయస్సులో మానినవారు ఆ నష్టాన్ని దాదాపు పూర్తిగా తప్పించుకోగలిగారు. ముప్పయ్యేళ్లకంటె ఎంతో ముందే, అంటే విద్యార్థిదశలోనే ఉన్నవారికి ఇందులో గొప్ప ఆశ ఉన్నది.

అన్ని అలవాట్లలోను వైద్యవిద్యార్థి అధికంగా నిర్లక్ష్యం చేసేది నిద్రను. ఎంత తక్కువ నిద్రపోతే అంత గొప్ప విద్యార్థి అన్న అపోహ కూడ ప్రబలి ఉన్నది. 1997లో ఆస్ట్రేలియాకు చెందిన డ్రూ డాసన్, కాథరిన్ రీడ్ అనే పరిశోధకులు నిద్రలేమినీ, మద్యపానాన్నీ పోల్చి చూశారు. వరుసగా 17 గంటలు మేలుకొన్న మనిషి పనితీరు, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్న మనిషి పనితీరుతో సమానంగా మందగిస్తుందని వారు తేల్చారు. మన దేశంలో 30 మిల్లీగ్రాములు దాటినవాడు వాహనం నడపడమే నేరం. అట్టి స్థితిలో ఉన్న చేతికి సూదినీ, కత్తినీ, మందుల మోతాదు లెక్కనూ అప్పగించడం ఎంతవరకు సమంజసం?

ఈ ప్రశ్నకు విద్యార్థి ఒక్కడే జవాబుదారీ కాడు. రాత్రి విధుల పట్టికను తయారుచేసేది విద్యార్థి కాడు. జాతీయ వైద్య కమిషన్ నియమించిన కార్యదళం 2024లో తన నివేదికను వెలువరించింది. ఆ సందర్భంగా జరిపిన సర్వేలో పాల్గొన్న 25,590 మంది ఎం.బి.బి.ఎస్. విద్యార్థులలో నూటికి సుమారు 28 మంది తమకు మానసిక ఆరోగ్య సమస్య ఉన్నదని తెలిపారు. పోస్టుగ్రాడ్యుయేట్ వైద్యుల పని వారానికి 74 గంటలకు మించరాదనీ, వారానికొక సెలవుదినం ఉండాలనీ కార్యదళం సిఫారసు చేసింది. సిఫారసులు కాగితాల మీద మిగిలిపోతే ప్రయోజనం లేదు. వేళకు తెరచి ఉండే భోజనశాల, విధుల నడుమ విశ్రాంతికి ఒక గది, ఆడుకోవడానికి కాసింత స్థలం, మనస్సులోని బాధ చెప్పుకొంటే గుట్టుగా విని సాయపడే సలహాదారు ప్రతి కళాశాలలోను ఉండి తీరాలి.

సేవాధర్మానికి త్యాగం అవసరమనీ, సుఖాన్ని కోరేవాడు వైద్యవృత్తికి తగడనీ కొందరు వాదించవచ్చు. అంటువ్యాధులు ప్రబలినపుడు, ప్రమాదాలు సంభవించినపుడు నిద్రాహారాలు మాని ప్రాణాలు కాపాడే వైద్యులూ, నర్సులూ నిస్సందేహంగా వందనీయులు. కాని ఆపద్ధర్మం నిత్యధర్మం కాజాలదు. తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరమని తెలుగువారి సామెత. ముప్పయ్యేళ్లకే రక్తపోటుతో, నలభయ్యేళ్లకే గుండెజబ్బుతో కుంగిపోయే వైద్యుడు సమాజానికి చేయగలిగిన సేవ ఎంత? అతడి త్యాగంవల్ల నష్టపోయేది చివరకు రోగులే.

ఆచరించవలసినవి అసాధ్యమైనవేమీ కావు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాలు రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినవలెనని సూచించాయి. ముద్దపప్పు, తోటకూర, జామకాయ, మజ్జిగలతో కూడిన తెలుగింటి భోజనం ఈ దారికి దగ్గరగా ఉన్నదే. పెద్దవారికి వారంలో కనీసం 150 నిమిషాల వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అంటే వారంలో ఐదురోజులు అరగంట చొప్పున వడిగా నడిస్తే చాలు. రోగుల రక్తంతో పనిచేయవలసినవారు హెపటైటిస్-బి టీకాను, మొదటి మోతాదుతో ఆపివేయక, మూడు మోతాదులూ పూర్తిచేసుకోవడం తప్పనిసరి. సూది గుచ్చుకొన్నపుడు మందలిస్తారేమోనని దాచిపెట్టక వెంటనే పై అధికారికి తెలపాలి. మనస్సు కుంగినపుడు సాయం కోరడం పిరికితనం కాదు. కేంద్రప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలిమానస్ సేవ 14416 సంఖ్యపై తెలుగులో కూడ లభిస్తున్నది.

వైద్యుడు చెప్పే మాటకంటె అతడి నడవడికే రోగి ఎక్కువ విలువనిస్తాడు. నోట సిగరెట్టు వాసనతో పొగ మానమని చెప్పే వైద్యుని మాట గడప దాటకముందే రోగి మనస్సునుండి జారిపోతుంది. తాను రోజూ నడిచే వైద్యుడు నడవమన్నపుడు ఆ మాటకు బలం చేకూరుతుంది. తెల్లకోటు ధరించే రోజు కోసం కలలుగనే విద్యార్థి, ఆ కోటు చేతికందేదాకా ఆగనక్కరలేదు. వేళకు భోజనం, చాలినంత నిద్ర, కాసేపు ఆట అనే మూడింటిని నేటినుండే పాటించగలిగితే వైద్యవిద్యలో అతడి తొలిపాఠం పూర్తయినట్లే.